నాన్నగారి రిస్టువాచీ

అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర పోట్లాడుకోవడం చూశాం. ఇంటి నడిమి గోడ దగ్గర పోట్లాడుకోవడమూ చూశాం. మా తమ్ముడూ నేనూ మాత్రం రూపాయి బిళ్ళంత రేకు ముక్క దగ్గర పోట్లాడుకున్నాం. మాకు పొలం లేదు. ఉన్న ఒక్క ఇల్లూ అమ్మ పేర ఉంది. పోట్లాడుకోవాలని రాసిపెట్టి ఉంటే మరేదో ఒకటి దొరకాలి గదా!

ఆ రేకు ముక్క మా నాన్నగారి చేతి గడియారం తాలూకు డయలు. గడియారం హెచ్‌.ఎమ్‌.టి. వారి 'జనతా'. జపాను దేశపు సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో 1961లో బెంగుళూరులో పెట్టిన కర్మాగారం వారిది. మనబోటి వాళ్ళ మణికట్టుకు గడియారాన్ని అలవాటు చేసింది వారేనంటే తప్పులేదు. పదిహేడు రాళ్ళ యంత్రం. రోజూ కీ ఇవ్వాలి. 1976లో పెళ్ళిపీటల మీద మా తాతగారు, అంటే అమ్మ వాళ్ళ నాన్నగారు, దాన్ని అల్లుడి చేతికి కట్టారట. వాచీ, సైకిలు, రేడియో అని మాట. వాచీ వచ్చింది, సైకిలు వచ్చింది. రేడియో ఇంకా దారిలోనే ఉందని నాన్నగారు ప్రతి సంక్రాంతికీ అమ్మకు గుర్తుచేస్తూ ఉండేవారు.

ఆయన ఎలిమెంటరీ స్కూలు మాష్టారు. నలభై ఏళ్ళకు పైగా ఆ వాచీ చేతికి ఉంది. రాత్రి భోజనాలయి మంచం ఎక్కేముందు అమ్మ "కీ ఇచ్చారా?" అని అడిగేది. "ఇచ్చాను" అనేవారు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఏకీభవించిన విషయం అదొక్కటేనని మా తమ్ముడి హాస్యం.

మూడేళ్ళ క్రితం నాన్నగారు పోయారు. వాచీ బీరువాలోకి వెళ్ళింది. కొన్ని నెలల తరువాత ఏదో కాగితం కోసం బీరువా తెరిచి, వాచీ కనిపిస్తే తీసి కీ ఇవ్వబోయాను. కీ పుల్ల విరిగి చేతిలోకి వచ్చేసింది. ఆయన పోయిన రోజున పదిమందిలో రాని ఏడుపు ఆ రోజున ఒంటరిగా వచ్చింది.

నేను నందిగామలో కాలేజీలో తెలుగు చెపుతాను. అమ్మ జగ్గయ్యపేటలో పాత ఇంట్లోనే ఉంటుంది. మా వాళ్ళం ఉత్త 'పేట' అంటాం. తమ్ముడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. మాది కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతం అని రాయడం నాకు అలవాటు. 2022లో మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలో చేర్చారు. మా జిల్లాకే డయలు మారిందన్నమాట. లోపలి యంత్రం, అంటే ఎండలూ, మిరప చేలూ, హైదరాబాదు రోడ్డు మీద లారీలూ, అలాగే నడుస్తున్నాయి.

వాచీ బాగుచేయిస్తానని తమ్ముడికి ఫోనులో చెప్పాను. వాడు ససేమిరా అన్నాడు.

"ముట్టుకోకు అన్నయ్యా. పాత వాచీకి విలువ దాని అసలు భాగాల్లో ఉంటుంది. ఒక్క ముల్లు మార్చినా అది పోయినట్టే. అద్దాల పెట్టెలో పెట్టుకుందాం" అన్నాడు.

వాడు చెప్పింది అబద్ధం కాదు. పాత గడియారాలు పోగుచేసేవాళ్ళు లోకమంతా ఉన్నారు. వాళ్ళ లెక్కలో వెలిసిపోయినా సరే అసలు డయలుదే గొప్ప. కొత్తగా రంగేసి అక్షరాలు అచ్చువేసిన డయలు ఎంత మెరిసినా దాని ధర సగానికి దిగుతుంది. నాలుగు వాచీల ముక్కలు కలిపి కట్టిన గడియారాన్ని వాళ్ళు 'ఫ్రాంకెన్ వాచీ' అని వెక్కిరిస్తారు. 1818లో మేరీ షెల్లీ రాసిన నవలలో ఫ్రాంకెన్‌స్టయిన్ అనే శాస్త్రజ్ఞుడు శవాల ముక్కలతో ఒక మనిషిని తయారు చేస్తాడు చూడండి, ఆ పోలిక. హెచ్‌.ఎమ్‌.టి. వాచీల కంపెనీని 2016లో మూసేయాలని ప్రభుత్వం నిర్ణయించిన తరువాత పాత జనతాలకు గిరాకీ పెరిగింది; దానితోపాటు ఈ రంగులేసిన డయళ్ళూ పెరిగాయి. మా కాలేజీలో ఒక మిత్రుడు తన తాతగారి స్విస్ వాచీని పట్నంలో పెద్ద దుకాణంలో ఇచ్చి, పెళ్ళికూతురిలా మెరిసిపోతూ తిరిగొస్తే మురిసిపోయాడు. మరెక్కడో విప్పించి చూస్తే లోపల తాతగారి తాలూకు ఒక్క మర కూడా లేదు! ఆయన ఇప్పటికీ దాన్ని పెట్టుకుంటాడు, కాని టైము చూసినప్పుడల్లా మొహం అదోలా పెడతాడు.

కాని మా తమ్ముడి పట్టుదల ధర గురించి కాదు. ఆ డయలు మీద నాలుగు అంకె పక్కన కందిగింజంత గోధుమరంగు మచ్చ ఉంది. వాడి ప్రాణమంతా ఆ మచ్చలో ఉంది.

1991 వానాకాలం. నాన్నగారు అప్పుడు మున్నేటికి అవతల ఒక పల్లెలో పనిచేస్తున్నారు. తమ్ముడికి ఆరేళ్ళు, నాకు పదకొండు. వాడికి రాత్రివేళ జ్వరం తలకెక్కి సంధి మాటలు మొదలయ్యాయి. బండి కట్టేవాడు లేడు. వాణ్ణి గొంగళిలో చుట్టి భుజాన వేసుకుని, చప్టా మీద మోకాలి లోతు నీళ్ళలో దాటి, వానలో నడిచి, తెల్లారకముందు డాక్టరు దగ్గరికి చేర్చారు నాన్నగారు. వాడికి ఆ రాత్రి సంగతి ఇంకేమీ గుర్తులేదట. వీపు చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంటే, ఆ మణికట్టు చెవికి ఆనుకుని టిక్కు టిక్కుమంటూ ఉండడం ఒక్కటే గుర్తు. వాచీ తడిసింది. ఆ మచ్చ ఆ రాత్రిదని వాడి నమ్మకం.

"డయలు మార్చావంటే నాన్న మొహం మార్చినట్టే" అన్నాడు. నేను కూడా ఏదో అన్నాను. ఆగిపోయిన వాచీని అద్దాల్లో పెట్టడమంటే శవాన్ని అలంకరించడమే అన్నట్టు గుర్తు. అలా అనకూడదు. రెండు వారాలు మాటల్లేవు.

చూపిస్తే తప్పేమిటని ఒక సాయంత్రం నందిగామ బస్టాండు దగ్గర వాచీలు బాగుచేసే సాయిబుగారి బల్ల దగ్గరికి వెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి. అద్దాల బల్ల వెనక స్టూలు, కంటికి గొట్టంలాంటి భూతద్దం, చుట్టూ పాత బిస్కట్ డబ్బాలు. ఆ డబ్బాల్లో ఉన్నవి చచ్చిపోయిన వాచీలు. కొత్త మరలు తయారుకాని వాచీకి అవే దిక్కు. ఒక జనతా బతకాలంటే మరొక జనతా చావాలి మాష్టారూ అన్నారు.

వెనక మూత తిప్పి తీసి, నా చేతికి భూతద్దం ఇచ్చి, "మూత లోపలివైపు చూడండి" అన్నారు. సూదితో గీసినట్టు సన్నటి గీతలు. '9-91' అని ఒకటి, పక్కన 'ర' అక్షరం. దాని కింద '3-04', ఏదో సున్నా చుట్టిన గుర్తు. విప్పినవాడు విప్పినప్పుడల్లా గీసిపెట్టడం ఈ వృత్తిలో మామూలేనట. మళ్ళీ అదే వాచీ వస్తే తను చేసిన పని ఏదో, ఇతరులు చేసినది ఏదో తెలుస్తుంది.

మా పేట పక్కన ధనంబోడు గుట్ట మీద బౌద్ధస్తూపం ఉండేది. 1882లో బర్జెస్ దొర తవ్వించేనాటికే సగం పలకలు ఇళ్ళకూ వాకిళ్ళకూ తరలిపోయాయి. మిగిలిన వాటిలో పేరుగన్న మాంధాత చక్రవర్తి పలక ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. అక్కడ దొరికిన స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ ఏట తూర్పు వాకిట ఆయక స్తంభాలు నిలబెట్టినట్టు ప్రాకృతంలో చెక్కి ఉంది. నిలబెట్టినవాడు సిద్ధార్థుడనే పనివాడు. తండ్రి కూడా పనివాడేనని చెప్పుకున్నాడు. పదిహేడు వందల ఏళ్ళ నాటి ఆ శిల్పీ, ఈ 'ర'గారూ ఒకే ఊరి సంప్రదాయం వాళ్ళేమో అనిపించింది నాకు. తెలుగు మాష్టారి బుద్ధి, ఏది చూసినా శాసనమే!

సాయిబుగారు ముళ్ళు తీసి, డయలు ఎత్తి, వెనక్కి తిప్పారు. చాలాసేపు చూశారు.

"ఈ డయలు దీనిది కాదండీ."

నా గుండె జారింది.

"యంత్రం ఎప్పుడో బాగా నీళ్ళు తాగింది. ఇదుగో, బాలెన్స్ చక్రం పక్కన రేకు మీద తుప్పు మచ్చ, తుడిచిన జాడ. అంత నీళ్ళు తాగితే డయలు వెనకవైపు నల్లబడాలి. ఇది ఇత్తడి ఇత్తడిలాగానే ఉంది. మీద ఉన్న ఈ మచ్చ తరువాతది. కీ పక్కనుంచి చెమట దిగింది. 91లో విప్పినాయన డయలు మార్చి ఉంటాడు. డయలు కింద రెండు కాళ్ళుంటాయి, అవి విరిగితే నిలవదు. ఏ వాచీదో తెచ్చి సరిపెట్టాడు. మంచి పనివాడే, పోలిక తెలీకుండా వేశాడు."

అసలు చిక్కు ఆ తరువాత చెప్పారు. కీ పుల్ల, మెయిన్ స్ప్రింగు ఎలాగూ కొత్తవి వేయాలి; అవి అరిగే సరుకు, వాటి గురించి ఎవరూ పట్టించుకోరు. డయలు ఇలాగే ఉంచవచ్చు. కాని బాలెన్స్ చక్రానికి ఉన్న హెయిర్ స్ప్రింగు తుప్పు తిన్నది. వెంట్రుకంత తీగ, అది ముడుచుకుని విచ్చుకుంటేనే చక్రం ఊగుతుంది. ఆ తరం కీ వాచీలు చాలావాటిలో అది గంటకు 18,000 మార్లు కొట్టుకుంటుంది. మనం వినే టిక్కు అక్కడిదే. దాన్ని చక్రంతో సహా మార్చాలి.

"ఈ చక్రం ఎప్పటిది?" అన్నాను.

"ఇది మొదటినుంచీ ఉన్నదే. దీని మీద తుప్పూ, పక్క రేకు మీద తుప్పూ ఒకే రాత్రివి."

నా తమ్ముడు కళ్ళకద్దుకుంటున్న మచ్చ ఆ రాత్రిది కాదు. వాడు చెవితో విన్న చక్రం మాత్రం ఆ రాత్రిదే. వాచీ నడవాలంటే మార్చవలసింది అదే!

వాచీ అక్కడే వదిలి ఇంటికి వచ్చాను. ఈ సంగతి వాడికి చెప్పాలా, వద్దా? చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు. డయలు అలాగే ఉంటుంది. చక్రం మూత కింద ఉంటుంది, ఎవరు చూడొచ్చారు?

మరునాడు క్లాసులో అరణ్యపర్వం. నన్నయ్యగారు పదకొండో శతాబ్దంలో ఆ పర్వం సగంలో విడిచిపోయారు. పధ్నాలుగో శతాబ్దంలో ఎర్రన మిగిలినది పూరించాడు. తన పేరు ముందుకు తేకుండా, నన్నయ్య రచన లాగానే, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుణ్ణే సంబోధిస్తూ పూరించాడు. అతుకు కనపడకుండా వేసిన డయలు అంటే అది! పోతనగారి భాగవతం దగ్గర మరొక పద్ధతి. ఐదో స్కంధం గంగన, ఆరోది ఏర్చూరి సింగన, పదకొండూ పన్నెండూ వెలిగందల నారయ. ఎవరి భాగానికి వారి పేరు. చదివేవాడికి ఎక్కడ చెయ్యి మారిందో తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా ఈ రెండూ పరీక్షకు వచ్చే ప్రశ్నలుగా చెపుతున్నాను గాని, నా ఇంట్లోకి వస్తాయనుకోలేదు. ఎర్రన చేసినది మోసమని ఎవరూ అనరు, ఎందుకంటే ఆయనే పూరించాడని అందరికీ తెలుసు. నేను చేయబోయేది ఎవరికీ తెలియదు. అక్కడే తేడా ఉంది.

ఆదివారం పేట వెళ్ళి అమ్మను అడిగాను. "అవున్రా, డయలు మార్చారు. తడిసి నల్లగా అయిపోయింది. పేటలో ఇస్తే మూడు వారాలు తిప్పాడు" అంది, కూర తరుగుతూ. అదొక పెద్ద విషయమని ఆమెకు తోచనే లేదు. "దానికేం? పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లిని రెండేళ్ళకోసారి మన ఊరు తీసుకొచ్చి రంగులు వేయించడం లేదూ? రంగు మారితే అమ్మవారు మారుతుందా?"

ధైర్యం చేసి తమ్ముడికి ఫోను చేశాను. మొత్తం చెప్పాను, అమ్మ మాటతో సహా. చాలాసేపు పలకలేదు.

"రంగులు వేస్తారు గాని విగ్రహం మార్చరు గదా" అన్నాడు చివరికి.

"పూరీలో విగ్రహాలే మారుస్తారురా. 2015లో నవకళేబరం జరగలేదూ? కొత్త కొయ్యతో కొత్త మూర్తులు. లోపల బ్రహ్మపదార్థం ఒక్కటే పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి పోతుంది."

"అయితే చెప్పు. ఈ వాచీలో బ్రహ్మపదార్థం ఎక్కడుంది?"

ఎమ్మే తెలుగు చదివినందుకు నాకు జవాబు రావలసింది. రాలేదు.

తరువాతి శనివారం వాడు బస్సు దిగాడు. సరాసరి సాయిబుగారి దగ్గరికే వెళ్ళాం. పాత చక్రం ఒక్కసారి ఆడించి వినిపించగలరా అని వాడు అడిగాడు. ఆయన నావైపు చూసి, మాట్లాడకుండా పనిలో పడ్డారు. కొత్త కీ పుల్ల, కొత్త మెయిన్ స్ప్రింగు అప్పటికే వేసి ఉంచారు. పాత చక్రాన్ని పెట్రోలులో ముంచి, ఆరబెట్టి, దాని చోట కూర్చోబెట్టి, చుక్క నూనె వేసి కీ ఇచ్చారు. చక్రం బద్ధకంగా ఒకసారి ఊగింది, ఆగింది. బ్రష్షు కొసతో అంటీ అంటనట్టు కదిపారు. ఈసారి పట్టుకుంది.

తమ్ముడు చెవి దగ్గర పెట్టుకున్నాడు. బస్టాండులో హారన్లు, విజయవాడ విజయవాడ అని కేకలు. వాడు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నాలుగు నిమిషాలో, ఐదో. ఆ తరువాత వాచీని బల్ల మీద పెట్టి, "ఆగిపోయిందండీ" అన్నాడు.

"ఇంక అంతే బాబూ. దాని ఓపిక అయిపోయింది."

"మార్చేయండి. డయలు మాత్రం ముట్టుకోవద్దు."

"అది అసలుది కాదు గదా?" అన్నాను నేను, ఊరుకోలేక.

"మిగతా ముప్ఫై ఏళ్ళూ నాన్న చూసుకున్నది దీన్నేగా" అన్నాడు.

సాయిబుగారు పాత చక్రాన్ని మందు పొట్లంలా కాగితంలో మడిచి వాడి చేతికిచ్చారు. మూత బిగించేముందు సూది తీసుకుని ఆ రెండు గుర్తుల కింద నెలా సంవత్సరమూ గీశారు. పక్కన ఏదో గీశారు గాని, ఉర్దూ అక్షరం, నాకు చదవరాలేదు.

రాత్రి పేటలో భోజనాల దగ్గర తమ్ముడు అమ్మను అడిగాడు, ఆ పాత డయలు ఏమైందని. ఏ పెట్టెలోనో నాన్నగారు దాచి ఉంటారని వాడి ఆశ. నాకూ లేకపోలేదు.

"నీకే ఇచ్చారు గదరా!" అంది అమ్మ. "జ్వరం తగ్గి లేచాక అగ్గిపెట్టెతో బండి చేసుకున్నావు. చక్రం కావాలని ఒకటే ఏడుపు. జేబులోంచి తీసి ఇచ్చారు. రెండు రోజులు లాగావు. పారేశావో, పీటకింద పోయిందో."

వాడు అన్నం కలుపుతున్నవాడు కలుపుతున్నట్టే ఉండిపోయాడు. ఆ తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. పొలమారేదాకా నవ్వాడు. అమ్మ తల మీద తట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

వాచీ ఇప్పుడు నా చేతికి ఉంది. రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుంది. మరొకసారి తెమ్మన్నారు, వెళ్ళలేదు. కాగితం పొట్లం తమ్ముడి దగ్గర ఉంది, ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు. ఇంతకుముందు నెలకోసారి ఫోను చేసేవాడు. ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు చేస్తాడు. బాగున్నావా అని గాని, పిల్లలెలా ఉన్నారని గాని అడగడు.

"కీ ఇచ్చావా?" అంటాడు.